అరటి కర

సంక్రాంతి వెళ్ళి, ఎండలు ఇంకా ముదరకముందు, బీరువాలోని చీరలన్నీ ఒకసారి బయటికి తీసి గాలికి ఆరబెట్టడం మా అమ్మ దగ్గర నుంచి నాకు అబ్బిన అలవాటు. అమ్మకి పెరట్లో నులకమంచాలుండేవి. నాకు అపార్టుమెంటు బాల్కనీలో రెండు ప్లాస్టిక్ కుర్చీలూ, ఓ తాడూ. అయినా ఆ రోజొస్తే నాకు పండగే. ఒక్కో చీర మడత విప్పుతుంటే ఒక్కో పెళ్ళీ, ఒక్కో పేరంటమూ గుర్తొస్తాయి. ఏ చీర మీద ఎవరి పెళ్ళిలో పప్పుచారు ఒలికిందో కూడా చెప్పగలను!

మొన్న అలా ఆరేస్తుంటే మా అమ్మాయి వచ్చి ఒక చీర పట్టుకుంది. అమ్మ నాకిచ్చిన వెంకటగిరి నూలు చీర. మీగడ రంగు, సన్నటి జరీ అంచు.

"ఇదేంటమ్మా, పైట మీద టీ ఒలకపోసుకున్నావా?"

"టీ కాదే, కర."

"కర అంటే?"

దానికి ఆ మాటే తెలీదు. దాని తప్పేముంది? అరటిచెట్టుని చూడాలంటే కారెక్కి పోవాల్సిన ఊళ్ళో పుట్టింది. చెంగు తిరగేసి చూసి మళ్ళీ అడిగింది, "మరి ఈ చుక్కలేంటి?" అని. చీర లోపలి వైపు, మూలగా, మూడు చుక్కలూ ఒక అడ్డగీతా. నిన్న పెట్టినట్టు నల్లగా ఉన్నాయి.

"అది మన ఇంటి గుర్తు. చాకలామె పెట్టింది" అన్నాను. అది నవ్వి, ఫోను మోగితే లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ చీర పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. రెండూ మరకలే కదా! ఒకదాన్ని పోగొట్టాలని ఎంత తంటాలు పడినా పూర్తిగా పోలేదు. రెండోది పోకూడదనే పెట్టారు, పోలేదు.

ఆ మొదటి మరక పెట్టింది నేను. ఆ సంగతి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

1989. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బందరుకి దగ్గర్లో మా పల్లె. అమ్మ ఆ చీర కట్టుకుని గుళ్ళో ఉత్సవానికి వెళ్ళొచ్చి, విడిచి మాసిన బట్టల్లో పడేసింది. నేను దాన్ని లాగి, గౌను మీద చుట్టుకుని, పెళ్ళికూతురి ఆట ఆడాను. ఆట పెరట్లోకి పాకింది. అక్కడ నాన్న గెల కోసేసి పడగొట్టిన అరటిబోదె ఉంది. దొప్పలు ఒలిచి పడవలు చేశాను. చేతులకి నీళ్ళలాంటిది అంటింది. పైటకొంగుతో తుడుచుకున్నాను. గౌనుకీ తుడుచుకున్నాను. నీళ్ళే అనుకున్నా. ఆరిపోయింది, కంటికేమీ కనబడలేదు. చీర తెచ్చి మాసిన బట్టల మూటలో కూరేశాను.

నాలుగోనాడు చాకలామె బట్టలు తెచ్చింది. వెంకటగిరి చీర పైట మీద అరచెయ్యంత మేర నల్లటి చారలు! అమ్మ గొల్లుమంది. ఆ చీర మా అమ్మమ్మ పెట్టింది మరి. "నా చీర తగలేశావే! ఏ రేవులో పడేశావు, ఏ తుప్పు రేకు మీద ఆరేశావు?" అని కేకలు.

ఆవిడ చీర అందుకుని, మరక మీద బొటనవేలితో రాసి చూసి, నెమ్మదిగా అంది: "ఇది రేవులో పడింది కాదమ్మగారూ. అరటి కర. ఇంటికాడదే."

"మా ఇంట్లో పసిపిల్లలున్నారా కర పుయ్యడానికి? నీ తప్పు మా మీద పెడతావా?" అంది అమ్మ. నేను తలుపు వెనకాలే ఉన్నాను. నోరు పెగల్లేదు. ఆ ఏడు కళ్ళంలో ఆవిడకి కొలిచే మేర రెండు కుంచాలు తగ్గించి కొలిచారు.

నవలలు రాసుకునేదాన్ని, మరకల మీద పడ్డానేమిటని మీకనిపించవచ్చు. ఆ రెండు కుంచాల ధాన్యం నన్ను వదల్లేదండీ. పెద్దయ్యాక పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు ఎక్కడ మరక మాట కనబడినా ఆగిపోయేదాన్ని. అలా పోగైన సంగతులివి.

ముందు ఆ నల్లటి కర గురించి చెబుతాను. అరటి నీరులో ఒక వగరుంటుంది. కరక్కాయలో, దానిమ్మ తొక్కలో, వక్కలో, టీ ఆకులో ఉండే వగరుకి చుట్టమే. అది బట్టకి అంటినప్పుడు రంగుండదు. గాలి తగిలి నెమ్మదిగా ముదురుతుంది. చవుడూ సబ్బూ తగిలితే త్వరగా ముదురుతుంది. ఇనుము తగిలిందా, ఇక నలుపే. పాత ఇంట్లో తుప్పుపట్టిన బకెట్లో బట్ట నానబెట్టి, లేని మరక తెచ్చుకున్నవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి అమ్మా తప్పనలేదు, ఆవిడా తప్పనలేదు. మరక పెట్టింది నేను, బయటపెట్టింది రేవు!

ఇదే వగరు, ఇదే ఇనుము కలిపి మా ఊరికి ఏడెనిమిది మైళ్ళ దూరంలో మనుషులు అన్నం తింటున్నారు, తరతరాలుగా. నేను చెప్పేది పెడన కలంకారీ సంగతి. కాళహస్తిలోనూ అంతే. ముందుగా బట్టని కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ ముంచి ఆరబెడతారు. పాలు ఎందుకంటే, గీసిన గీత చెదరకుండా ఆ కొవ్వు పట్టి ఉంచుతుంది. వేరే కుండలో తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్ళు పోసి రోజుల తరబడి పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. కలం ఆ కసిమిలో ముంచి బట్ట మీద పెడితే, పెట్టిన చోటల్లా మన కళ్ళముందే నల్లబడుతుంది. నేను మొదటిసారి అది చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. మా అమ్మ గొల్లుమన్న మరక! ఇక్కడ దానితోనే సీతమ్మవారి జడ గీస్తున్నారు.

ఎర్ర రంగు ఇంకో తమాషా. దానికి పటిక నీళ్ళతో బొమ్మ వేస్తారు. పటిక వేసిన చోట రంగేమీ ఉండదు. తరువాత చిరివేరు వేసి కాగుతున్న నీళ్ళలో బట్టని ఉడికిస్తే, పటిక ఉన్నంత మేరా ఎర్రగా తేలుతుంది. చిరివేరు కృష్ణాతీరపు ఇసక నేలల్లో బాగా పెరిగేది. సామర్లకోటలో ఉంటూ మన మొక్కలన్నీ బొమ్మలు వేయించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువడిన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీన్ని కూడా చేర్చాడు.

ఇక్కడే ఉంది అసలు కీలకం. పటికో కసిమో వేసిన తరువాత బట్టని పారే నీళ్ళలో ఉతకాలి. నిలవ నీళ్ళయితే ఎక్కువైన మందు కరిగి పక్కకి పాకుతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. కాళహస్తివాళ్ళకి స్వర్ణముఖి, ఇక్కడివాళ్ళకి కాలవలు. అంటే అద్దకంవాడికి కలం ఎంత ముఖ్యమో, ఉతికే చెయ్యీ అంతే ముఖ్యం. ఏ మరక ఉండాలో, ఏది పోవాలో తెలిసిన చెయ్యి అది.

ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో నిజాంపట్నం తీరానికీ, బందరుకీ వచ్చింది ఈ బట్ట కోసమే. వాళ్ళ దేశాల్లో నూలుబట్ట మీద రంగు నిలిచేది కాదు. ఉతికితే వెలిసేది. మన బట్ట ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు ఇంకా నిగ్గుదేలుతుంటే వాళ్ళకి మతిపోయింది. ఆడవాళ్ళు ఎగబడ్డారు. అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో ఇలాంటి బట్టని నిషేధించింది, 1759 దాకా ఎత్తెయ్యలేదు. ఇంగ్లండులో 1721లో కట్టుకోవడమే నేరమని చట్టం చేశారు. దానికి రెండేళ్ళ ముందు, 1719లో, లండన్ వీధుల్లో నేతగాళ్ళు మన అద్దకపు బట్ట కట్టుకున్న ఆడవాళ్ళ వెంటపడి గౌన్లు చింపారు, వాటి మీద సిరా పోశారు, ఆమ్లం చల్లారు. ఉతికినా పోని రంగు మీద కసి తీర్చుకోవడానికి, ఉతికినా పోని మరక! మగవాళ్ళ పోట్లాట ఎక్కడైనా చివరికి ఆడదాని బట్ట మీదికే వస్తుంది చూడండి.

ఈ రహస్యం కనుక్కోవడానికి వాళ్ళు పడని పాట్లు లేవు. పుదుచ్చేరి వైపు కూర్దూ అనే ఫ్రెంచి పాదరీ ఒకాయన ఉండేవాడు. తెలుగు బాగా నేర్చినవాడు, తెలుగు నిఘంటువు కూర్చినవాడు. మతం పుచ్చుకున్న అద్దకంవాళ్ళని కూర్చోబెట్టి ఒక్కొక్క దశా అడిగి, 1742లో తన దేశానికి పెద్ద ఉత్తరం రాశాడు. కరక్కాయ దగ్గర నుంచి రేవులో ఉతుకు దాకా అన్నీ అందులో ఉన్నాయి. చెప్పినవాళ్ళ పేర్లు ఎవరికి కావాలి? రాసినవాడి పేరు నిలిచింది. తరువాత 1868లో జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ఆ ఎరుపునిచ్చే అలిజరిన్‌ని సీసాలోనే తయారుచేశారు. చిరివేరు తవ్వేవాళ్ళ పని అక్కడితో మూలబడింది.

మన ఇళ్ళలో జరిగే చిన్న చిన్న వింతలు కూడా ఇలాంటివేనండీ. తాంబూలాలనాడు తెల్ల చీర మీద పసుపు పడిందని సబ్బు పెట్టి రుద్దుతారు. పసుపుది కాస్తా ఎర్రగా తిరుగుతుంది. గుండె ఝల్లుమంటుంది. భయపడకండి. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడటం దాని గుణం. పసుపులో సున్నం కలిపి మనం కుంకుమ చేసుకునేది ఆ గుణంతోనే. చక్కగా సబ్బు జాడించేసి ఎండలో వెయ్యండి. పసుపు ఎండకి ఆగలేదు. రెండు మూడు ఎండలకి వెలిసిపోతుంది. మధుపర్కాల పసుపు అంచులు నాలుగు ఉతుకులకే తేలిపోయేదీ అందుకే. ఆ పసుపుని మరక అని ఎవరైనా అంటారా?

రక్తం మరక సంగతి ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? వేడినీళ్ళు తగలకూడదు. తగిలితే గుడ్డు ఉడికినట్టు దారానికి పట్టుకుపోతుంది. చన్నీళ్ళే. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పదమూడో ఏట మా మేనత్త నూతి దగ్గర, ఎవరూ వినకుండా, చెవిలో చెప్పింది.

అలా చెవిలో చెప్పుకునే చదువు అప్పట్లో సగం నూతి దగ్గరా, సగం రేవులోనూ ఉండేది. రేవులో చదువు మనకి అంతగా తెలీదు. మూట కట్టి ఇవ్వడం, లెక్క చూసి తీసుకోవడం, అంతవరకే మన పని. మా చాకలామె దగ్గర మరకకి ఎన్ని మాటలుండేవో! జిడ్డు వేరు, మురికి వేరు, కర వేరు, చార వేరు, తుప్పు వేరు, బూజుమచ్చ వేరు. ఒక్కోదానికి ఒక్కో మందు. జిడ్డుకి చవుడు. చవిటినేల మీద తెల్లగా పొంగే ఆ మట్టిలో ఉండేది చాలావరకు చాకలిసోడాయే. తుప్పుకి నిమ్మకాయా ఉప్పూ, ఎండ. పట్టుకి మాత్రం చవుడు చూపించేది కాదు. పట్టు పురుగు నోట్లోంచి వచ్చిన దారం. మన వెంట్రుకకి చుట్టం. తలకి ఏది పనికొస్తుందో దానికీ అదే, కుంకుడుకాయ.

తెల్లబట్టలకైతే బాన. చవుడు నీళ్ళలో ముంచి పిండిన బట్టల్ని బాన మూతి చుట్టూ కుదురుగా పేర్చి, కింద మంట పెట్టి, రాత్రంతా ఆవిరి పట్టించేవాళ్ళు. తెల్లారి బండ మీద కొట్టి, గడ్డి మీద పరిచి, ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ ఎండ పట్టించేవాళ్ళు. తడిబట్టకీ ఎండకీ మధ్య ఏదో జరిగి బట్ట తెల్లబడుతుందని మన వాళ్ళకి తెలిసినట్టే, ఐరోపాలోనూ తెలుసు. హాలెండులో హార్లెం ఊరి చుట్టూ పచ్చికబయళ్ళలో నారబట్టలు నెలల తరబడి పరిచి, పుల్లటి మజ్జిగతేటలో ముంచి తీసేవారు. అంతకు ముందెప్పుడో రోము నగరంలో చాకళ్ళు మూత్రం పోగుచేసి అందులో బట్టలు తొక్కేవారట. దానిలోని అమోనియా కోసం. వెస్పాసియన్ చక్రవర్తి ఆ మూత్రం మీద కూడా పన్ను వేశాడు! షీలే అనే ఆయన 1774లో క్లోరిన్ వాయువు కనుక్కోవడం, 1785లో బెర్తొలే దానితో బట్ట తెల్లబడుతుందని చూపించడం, 1799లో గ్లాస్గోలో టెనంట్ దాన్ని సున్నంలో పట్టి బ్లీచింగ్ పౌడరు చెయ్యడంతో నెలల పని గంటల్లోకి వచ్చేసింది. పచ్చికబయళ్ళు ఖాళీ అయ్యాయి.

మద్రాసులో వాషర్‌మెన్‌పేట పేరు వినే ఉంటారు. కంపెనీ సరుకు ఓడ ఎక్కేముందు దాన్ని ఉతికి చలువ చేసే చాకళ్ళు ఉన్న పేట అది. 'చలువ చెయ్యడం' ఎంత చల్లటి మాట! చేసేవాళ్ళు మాత్రం బాన మంట దగ్గర.

ఇక నీలిమందు. బాగా ఉతికిన తెల్లబట్టలో కూడా కాస్త పసుపుడాలు మిగులుతుంది. దాని మీద ఇంత నీలం పూస్తే కన్ను మోసపోయి తెలుపనుకుంటుంది. అంటే మనం తెలుపనుకునేది కూడా ఒక మరకే. ఈనాటి బట్టల పౌడర్లలోనూ కంటికి కనబడని మెరుపుమందు ఉంటుంది. మురికి పోయినందుకు సగం మెరుపు, ఆ మందు అంటుకున్నందుకు సగం.

సన్‌లైట్ సబ్బు 1888లో కలకత్తా రేవులో దిగింది. 1959లో సర్ఫు వచ్చింది, 1969లో నిర్మా. మా చిన్నప్పుడు టీవీలో లలితాజీ ధాటీగా మాట్లాడుతుంటే, మా అమ్మ కూడా కొంగు దోపి ఆవిడలాగే కొట్టువాడితో బేరమాడేది. ఈ పౌడర్లలో రక్తాన్నీ పాలనీ కొరికి తినే ఎంజైములున్నాయని గొప్పగా చెబుతారే, ఆ ఊహ 1913లోనే ఒట్టో రోమ్ అనే జర్మనీ ఆయనకి వచ్చింది. ఇంట్లో మిషను వచ్చాక మా ఊళ్ళో మూట కట్టి ఇవ్వడమే పోయింది. నడుములకి సుఖమే, నేను కాదనను. బండ దగ్గర వంగినవాళ్ళ నడుము సంగతి మనకంటే వాళ్ళకే తెలుసు. ఆవిడ పిల్లలెవరూ ఆ పనిలోకి రాలేదని తెలిసి సంతోషించాను కూడా.

పట్టుచీరల్ని ఇప్పుడు డ్రైక్లీనింగుకి ఇస్తున్నాం. ఈ పద్ధతికి మూలపురుషుడని ఒకప్పుడు పారిస్ దర్జీ ఒకాయన పేరు చెప్పేవారు. అంతకు చాలా ముందే, 1821లో, న్యూయార్కులో థామస్ జెన్నింగ్స్ అనే దర్జీ నీళ్ళు తగలకుండా బట్టలు శుభ్రం చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన నల్లజాతివాడు. అమెరికాలో పేటెంటు పొందిన మొదటి నల్లజాతీయుడు. వచ్చిన డబ్బుని బానిసత్వం రద్దు కోసం జరిగే పనులకి ఖర్చుపెట్టాడు. 1836లో పేటెంటు ఆఫీసు తగలబడినప్పుడు ఆ కాగితాలు కాస్తా బూడిదైపోయాయి. ఆయన ఏం మందు వాడాడో ఇక ఎవరూ చెప్పలేరు. ఆయన కూతురు ఎలిజబెత్ 1854లో ట్రాము బండిలోంచి తనని బలవంతంగా దించేస్తే కోర్టుకెక్కి గెలిచింది. మరక పోగొట్టే ఇంట్లో పుట్టినపిల్ల మరి.

మన వైపు చూస్తే, పాల్కురికి సోమన బసవపురాణంలో మడివాలు మాచయ్య ఉన్నాడు. శివభక్తుల బట్టలు తప్ప మరొకరివి ముట్టనన్న చాకలి. ఎవరి బట్ట ఉతకాలో తానే నిర్ణయించుకున్నవాడు! సోమన ఊరిగా చెప్పే పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ బతికింది. కౌలుకి చేసుకున్న పొలంలో పండిన పంటని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా, 1940లలో సంఘంవాళ్ళతో కలిసి నిలబడ్డది. 1985లో కన్నుమూసింది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఆ వార్త చదివినరోజు మా చాకలామె గుర్తొచ్చింది. ఆవిడ ధాన్యం ఎవరూ ఎత్తుకుపోలేదు. కుంచం కాస్త తక్కువ కొలిచారు, అంతే. దానికి పోరాటమేముంది?

మైలబట్టలన్నీ ఆవిడే తీసుకెళ్ళేది. ముట్టువి, పురిటివి, చావింటివి. మనం మన కళ్ళతో చూడటానికి సిగ్గుపడేవి ఆవిడ చేతుల్లో పెట్టేవాళ్ళం. ఆవిడ ఉతికి తెచ్చిన తెల్లటి బట్టని మా బామ్మ మడికి కట్టుకోవాలంటే మళ్ళీ నీళ్ళలో తడిపి ఆరేసుకునేది. ఎందుకు బామ్మా అంటే, "చాకలి ముట్టింది కదే" అనేది. మరక పోగొట్టిన చెయ్యే మరకా? అప్పుడు నాకా ప్రశ్న రాలేదు. వచ్చి ఉంటే అడిగేదాన్నీ కాదు. తలుపు వెనక నిలబడ్డ పిల్లనేగా!

జీడిగుర్తు ఎలా పెడతారో ఆవిడ నాకు చూపించింది. మన ముంతమామిడి జీడిపప్పు కాదండీ, ఇది నల్లజీడి గింజ. సూదితో గుచ్చితే జిగటగా రసం వస్తుంది. ఆ సూదిమొనతోనే బట్ట మూల చుక్కపెట్టి, పైన తడిసున్నం అద్దుతుంది. నల్లగా పట్టుకుంటుంది, బట్ట చిరిగినా పోదు. ప్రతి ఇంటికీ ఒక గుర్తు. మాది మూడు చుక్కలూ గీతా. కరణంగారిది రెండు గీతలూ చుక్కా. చదువురాని ఆవిడ ఊరి బట్టలన్నిటినీ ఆ లిపిలోనే చదివేది. ఆ రసం ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలెక్కుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశానికొచ్చిన అమెరికా సైనికులకి మెడ మీదా నడుం మీదా దద్దుర్లు లేచి, ఇదేం రోగమని డాక్టర్లు వెతికితే, చివరికి తేలింది బట్టల మీది చాకలిగుర్తు! 1943లో దాన్ని వైద్యపత్రికలో రాశారు. మా చాకలామె కుడిచేతి చూపుడువేలు కొస ఎప్పుడూ నల్లగా, చర్మం మందంగా ఉండేది. అన్ని ఇళ్ళ గుర్తులూ ఆ వేలి మీద ఉన్నట్టే.

మళ్ళీ ఆ చీర దగ్గరికే వస్తున్నాను. రెండు కుంచాలు తగ్గించిన తరువాత కూడా ఆవిడ ఆ చీర తీసుకెళ్ళింది, ఎవరూ అడక్కుండానే. పదిరోజులు ఉంచుకుంది. నిమ్మకాయ పిండి ఎండలో వేసిందో, మజ్జిగలో నానబెట్టిందో, అమ్మ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నలుపు విరిగి గోధుమరంగయింది. ఇప్పటికి టీ రంగుకి వచ్చింది. అమ్మ కుచ్చిళ్ళలోకి వచ్చేలా తిప్పి కట్టుకుని ఇంకా పదేళ్ళు ఆ చీర వాడింది.

అమ్మతో నిజం చెప్పింది మొన్ననే, చీరలు ఆరేసిన ఆ సాయంత్రమే, ఫోనులో. అమ్మకిప్పుడు డెబ్భై దాటాయి. కాసేపేం మాట్లాడలేదు. తరువాత "రెండు కుంచాలా, మూడా?" అంది. "రెండేనమ్మా" అన్నాను. "మూడనుకుంటా" అంది. ఆవిడ పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది.

అమ్మకి చెప్పంది ఇంకొకటి ఉంది. ఆ రోజు కర తుడిచింది చీరకొక్కదానికే కాదు, నా గౌనుకి కూడా. ఆ గౌను కూడా అదే మూటలో, అదే బానలోకి వెళ్ళింది. చీర తెచ్చిననాడు బట్టల్లో నా గౌను లేదు. అమ్మ లెక్క చూసి "పిల్ల గౌనేదే?" అని కూడా అడిగింది. "ఆరలేదమ్మగారూ, రేపు తెస్తా" అంది ఆవిడ.

మర్నాడు తెచ్చింది. వీధివైపు రాకుండా, నేను దొడ్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, గోడ పక్కనుంచి వచ్చి నా చేతిలో పెట్టింది. మరక లోపలికి పోయేటట్టు బుల్లిగా మడత పెట్టి ఉంది. నేను తలెత్తలేదు. ఆవిడ నా అరచేతులు రెండూ పట్టుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. గోళ్ళ చుట్టూ ఇంకా నలుపుంది.

"కొబ్బరినూనె రాసుకోవే, పోద్ది. సబ్బు ఎట్టమాక" అని, మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.